నాలుగు టిక్కులకి ఒక చుట్టు

మోటారు చచ్చిపోయింది. నాకు ఊపిరి వచ్చింది.

ఇంట్లో అందరూ తల పట్టుకుని కూర్చుంటే నేనొక్కణ్ణే లోపల్లోపల సంతోషపడ్డాను. పైకి మాత్రం మొహం వేలాడేసుకున్నాను. ఇల్లరికపు అల్లుణ్ణి, మామగారి మిషను పాడైతే పళ్ళికిలించడం బాగుండదు కదా. కానీ నిజం చెప్పాలంటే, ఆ మోటారు ఒక్క మూలుగు మూలిగి, వడ్రంగి షెడ్డంతా కమురు వాసన కొట్టించి ఆగిపోయిన క్షణాన, పెళ్ళయ్యాక మొదటిసారి నా భుజాలు కిందికి దిగాయి.

నేను పిరికివాణ్ణి. ఇందులో దాచుకునేదేమీ లేదు. ఫ్యాను కింద మంచం వేయను. ఎవరైనా నిచ్చెన ఎక్కితే రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంటాను. గ్యాసు కట్టేశామో లేదో చూడ్డానికి సగం దారిలోంచి వెనక్కి వస్తాను. మా బావమరిది నాకు 'గుబులు బావ' అని పేరు పెట్టాడు. ఆ పేరు షెడ్డు గడప దాటి వీధిలో పడింది. ఇప్పుడు తలుపులు చేయించుకోవడానికి వచ్చేవాళ్ళు కూడా "గుబులు బావ గారున్నారా, పాలిష్ అయిందా?" అని మర్యాదగా అడుగుతారు. అడగనివ్వండి. ఇంటికి ఒక పిరికివాడు ఉండాలని నా అభిప్రాయం. అందరూ ధైర్యవంతులే అయితే ఆ ఇంట్లో గ్యాసు ఎవరు కడతారు?

కానీ రంపం మిషను సంగతి వేరు. అది మామూలు గుబులు కాదు.

అది మామగారు తన కుర్రతనంలో, మూతపడిన ఏదో కార్ఖానాలో ముక్కలుగా కొని, తన చేత్తో బిగించుకున్న మిషను. అంతా పోత ఇనుము. మనిషి కంటే ఎత్తు. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, ఒక్కోటి మూడడుగులు. ఆ రెండింటి మీదుగా పొడుగాటి రిబ్బనులాగా రంపం బ్లేడు తిరుగుతూ ఉంటుంది. చక్రాలకు ఒకప్పుడు మూతలుండేవట, అవి ఎవరి హయాంలో పోయాయో ఎవరికీ తెలియదు. మోటారు తిప్పేది కింది చక్రాన్ని. దానికి ఆరు ఆకులు. అందులో ఒక ఆకుకి ఎప్పుడో పగులు వస్తే మామగారే ఇత్తడి కరిగించి అతికారు. చక్రం ఆగి ఉన్నప్పుడు ఆ పసుపుపచ్చ గీత స్పష్టంగా కనిపిస్తుంది. తిరగడం మొదలుపెట్టగానే మాయమైపోతుంది. కనిపించినంతసేపూ ఫరవాలేదు, మాయమైనప్పుడే నాకు గుబులు.

ఆ చక్రం పక్కన నిలబడి కోసేది మా ఆవిడ.

తండ్రి దగ్గర నేర్చుకుంది. చెక్కను తుంటితో ఒత్తుకుని, వేళ్ళతో దారి చూపిస్తూ, పప్పులో ఉప్పు సరిపోయిందా అని నాతో ఇంటి కబుర్లు చెబుతూ కోసేది. ఆమె తమ్ముడికి కోత ఓపిక లేదు, బయట తిరిగి బేరాలు తెస్తాడు. నేను ఆమెకి ఎదురుగా బల్ల వేసుకుని పాలిష్ చేస్తాను. గుడ్డ ఉండను లక్కలో ముంచి చెక్క మీద సున్నాలు చుట్టడం నా పని. చెక్కను చూస్తున్నట్టే ఉంటాను గానీ, ఒక కన్ను ఎప్పుడూ ఆమె వేళ్ళ మీదే. "అంత చక్రం పక్కన అలా నిలబడకే, భయమేస్తోంది" అంటే, "మీకు దువ్వెన చూసినా భయమే" అని నవ్వేది.

అందుకే మోటారు చచ్చిపోతే నాకు ఊపిరి వచ్చింది. కానీ ఆ ఊపిరి ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రానికల్లా బావమరిది, "కొత్త మోటారు తెచ్చేద్దాం, అదెంత పని!" అన్నాడు.

అదెంత పనో తర్వాత తెలిసింది. పాత మోటారు ఎంత శక్తిదో అందరికీ తెలుసు, మూడు హార్స్ పవరు. కానీ ఎంత వేగంగా తిరిగేదో? అది మోటారు మీది రేకు బిళ్ళ మీద రాసి ఉండాలి. మా మామగారికి మిషనంటే ప్రాణం. ఏటా ఒకసారి దానికి నిలువెల్లా పచ్చ రంగు వేస్తారు, మోటారుతో సహా, బిళ్ళతో సహా. నేను కత్తితో ఆ రంగు గీకాను. పొర కింద పొర, పొర కింద పొర, ఉల్లిపాయలాగా వచ్చింది. చివరికి బిళ్ళ బయటపడింది. దాని మీద ఒక్క అంకె లేదు. నున్నగా ఉంది.

"మామయ్యగారూ, దీని మీద అంకెలేమయ్యాయి?" అని అరుస్తూ బిళ్ళ మీద వేలు పెట్టి చూపించాను. ఆయన తన రెండు చెవుల్నీ ఆ మిషను హోరుకే ధారపోశారు. పక్కన పెళ్ళి మేళం వాయించినా వినపడదు.

"రంగు పట్టాలంటే ముందు ఉప్పుకాగితంతో రుద్దొద్దూ?" అన్నారు గర్వంగా. "మొదటి ఏడే రుద్దేశా."

శుభం. మిషన్ని ప్రేమించడమంటే అదీ.

మోటార్ల కొట్టుకి బావమరిదితో నేనూ వెళ్ళాను. పాత మోటారుని బండి మీద వేసుకుని తీసుకెళ్ళాం. కొట్టు ముందే పాత ఇనుము కొనేవాడు కాచుకుని ఉన్నాడు. మేం లోపలికి అడుగుపెట్టేలోపే బావమరిది దాన్ని వాడికి అప్పజెప్పాడు. వాడు అక్కడే, మా కళ్ళముందే, సుత్తి పెట్టి పగలగొట్టి రాగి తీగ పీకడం మొదలుపెట్టాడు. చచ్చిన మోటారు అయినా చూడలేకపోయాను.

కొట్టతను ఒడ్డూ పొడుగూ మనిషి, మాట మాత్రం నెమ్మది. "మూడు హార్సా? స్పీడెంత?" అన్నాడు.

"మామూలు స్పీడే," అన్నాడు బావమరిది.

"మామూలంటే?"

"మామూలంటే మామూలే అన్నా. మరీ స్లో కాదు, మరీ ఫాస్టు కాదు."

కొట్టతను నిట్టూర్చి లోపలి నుంచి రెండు మోటార్లు దొర్లించుకొచ్చాడు. రెండూ మూడు హార్సే. ఒకటి గున్న ఏనుగులాగా ఉంది, ఒకటి అందులో సగం కూడా లేదు. నాకు అక్కడే అనుమానం పట్టుకుంది. "ఒకే శక్తి అయినప్పుడు ఇదెందుకింత, అదెందుకంత?" అని అడిగాను.

"పెద్దది నిదానంగా తిరుగుతుంది. చిన్నది దూకుడుగా తిరుగుతుంది. మీ మిషనుకి ఏది పడుతుందో మీరే చెప్పాలి. పాత మోటారు విప్పి లోపలి చుట్లు చూస్తే నేనే చెప్పేవాణ్ణి," అన్నాడు. ముగ్గురం ఒకేసారి బయటికి చూశాం. అక్కడ రాగి ఒక కుప్ప, ఇనుము ఒక కుప్ప అయిపోయి ఉన్నాయి.

బావమరిది దగ్గర పాత మోటారు పుల్లీ మాత్రం మిగిలింది. దాన్ని తీసి పెద్ద మోటారు ఇరుసుకి పెట్టి చూశాడు, పట్టలేదు. చిన్నదానికి పెట్టాడు. గాజు చేతికెక్కినట్టు ఎక్కి కూర్చుంది.

"చూశావా బావా! దీని కోసమే పుట్టింది. చెప్పు తొడుక్కుని చూసి కొన్నట్టు, ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?"

"ఒరేయ్, పుల్లీ పట్టడం వేరు, వేగం వేరు..."

"బావా, ఇది మోటారు. పులి కాదు." కొట్టతను కూడా నవ్వాడు. ఇక నా నోరు మూతపడింది. దారంతా ఆ చిన్న మోటారు నా ఒళ్ళోనే ఉంది. చల్లగా, నున్నగా, బంగారంలాంటి వస్తువు. దాని మెడ దగ్గర బిళ్ళ మీద, నిమిషానికి మూడు వేలకి కాస్త తక్కువ తిరుగుళ్ళని రాసి ఉంది. ఆ అంకె ఎక్కువో తక్కువో నాకు తెలియదు. తెలియకపోవడమే నన్ను చంపేసింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే బావమరిది పానాలు పట్టుకుని మిషను కిందికి దూరాడు. మా ఆవిడ కోయాల్సిన పలకలు వరసగా పేర్చుకుంటోంది. మామగారు కుర్చీ తెచ్చుకుని పెళ్ళికొడుకు తండ్రిలాగా కూర్చున్నారు. నేను నా బల్ల దగ్గర ఒక అలమారా తలుపుకి పాలిష్ పడుతున్నాను. పడుతున్నానే గానీ మనసు మనసులో లేదు.

మా ఆవిడ పలక దించి నావైపు చూసింది. చూసి నవ్వింది.

"ఏంటండీ, మిషను లేకపోయినా మీ చెయ్యి దాని తాళమే వేస్తోంది?"

"ఏం తాళం?"

"అదేనండీ, నాలుగు టిక్కులకి ఒక చుట్టు. మీరెప్పుడూ అంతేగా. నేను కోత ఆపితే మీరూ ఆగిపోతారు."

నేను చెయ్యి ఆపి దాన్నే చూస్తూ ఉండిపోయాను. నిజమే. బ్లేడుకి ఒకచోట అతుకు ఉంటుంది. ఆ అతుకు బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా 'టిక్' మంటుంది. ఏళ్ళ తరబడి ఆ టిక్కుల మధ్య పాలిష్ పడుతున్నాను. నాకు తెలియకుండానే నా చెయ్యి వాటికి కట్టుబడిపోయింది. మోటారు చచ్చిపోయింది, దాని బిళ్ళ నున్నగా ఉంది, దాని రాగి కుప్పపడింది, కానీ దాని వేగం నా భుజంలో బతికే ఉంది.

మళ్ళీ గుడ్డ ఉండ పట్టుకున్నాను. గోడ గడియారం వైపు చూస్తూ, ఏమీ ఆలోచించకుండా, చేతిని దాని మానాన వదిలేశాను. ఒక నిమిషానికి అరవై చుట్లు. నమ్మకం కుదరక మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే, ఒకటి అటూ ఇటూ. సుద్ద ముక్క తీసుకుని ఒక పలక మీద లెక్క వేశాను. చుట్టుకి నాలుగు టిక్కులు, అంటే బ్లేడు నిమిషానికి రెండు వందల నలభై సార్లు తిరిగేది. బ్లేడు పొడవు ఇరవై అడుగులు. చక్రం చుట్టు తొమ్మిదిన్నర. అంటే చక్రం నిమిషానికి ఐదు వందలు. మోటారు పుల్లీ చక్రం పుల్లీలో సగం, కాబట్టి మోటారు వెయ్యి.

కొత్తది మూడు వేలు.

మూడు రెట్లు. చిన్నప్పుడు తడిగుడ్డ గిరగిరా తిప్పేవాళ్ళం, నెమ్మదిగా తిప్పితే గుడ్డ ఊగుతుంది, గట్టిగా తిప్పితే నీళ్ళు నాలుగు దిక్కులా చిమ్ముతాయి. నా కళ్ళు ఆ ఇత్తడి అతుకు మీదికి పోయాయి. ఆ అతుకు ఇన్నాళ్ళూ ఆ పాత వేగానికి ఓర్చుకుంది. మూడు రెట్లకి ఓర్చుకుంటుందని ఎవరు హామీ ఇస్తారు? దాని పక్కన, జానెడు దూరంలో, మా ఆవిడ చీర కొంగు బొడ్లో దోపుకుంటోంది.

"అయిపోయింది!" అంటూ బావమరిది మిషను కిందినుంచి బయటికి వచ్చాడు. "అక్కా, ఇక కానివ్వు."

నేనేం చేశానో నాకే తెలియదు. పరుగెత్తుకెళ్ళి మిషను బల్ల మీద ఎక్కి కూర్చున్నాను. బాసింపట్టు వేసుకుని.

"ఇదేంటి బావా?"

"దిగను."

"ఏవండీ, మీకేమైనా పిచ్చా? దిగండి, పలకలన్నీ అలాగే ఉన్నాయి."

"చంపినా దిగను. ఆ మోటారు వద్దు. మూడు రెట్లు వేగం. లెక్క వేశాను, అదిగో పలక మీద చూడు."

బావమరిది పలక చూశాడు, నన్ను చూశాడు, పగలబడి నవ్వాడు. "పాలిష్ గుడ్డ తిప్పి మోటారు స్పీడు చెప్పాడక్కా! రేపు చీపురు తిప్పి వాన చెబుతాడు. అక్కా, నువ్వు ఆ చేతులు పట్టుకో, నేను కాళ్ళు పట్టుకుంటా."

వాళ్ళు నిజంగానే పట్టుకున్నారు. నేను ఇనుప స్తంభాన్ని కావలించుకున్నాను. ఆ పెనుగులాట చూసి మామగారు కుర్చీలోంచి లేచారు. "ఏమైంది? ఎందుకలా పీక్కుంటున్నారు?" అని అరిచారు. నేను పలక వైపు చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "లెక్కలు నాకు రావు" అన్నారు.

అరిచి చెబుదామంటే ఆయనకి వినపడదు, రాసి చెబుదామంటే ఆయనకి అక్కర్లేదు. ఏడుపొచ్చింది. ఇక దారిలేక ఆయన చెయ్యి లాక్కుని నా ముంజేతి మీద పెట్టుకున్నాను. ఆ చేత్తోనే బల్ల మీద పాలిష్ చుట్లు తిప్పడం మొదలుపెట్టాను. రెండో చేతి వేలితో ఆయన మణికట్టు మీద కొట్టాను. టిక్, టిక్, టిక్, టిక్. చుట్టుకి నాలుగు.

మామగారు మొదట విసుక్కున్నారు. తర్వాత విసుక్కోవడం మానేశారు. కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి ఆయన తల చిన్నగా ఊగింది, కుడి పాదం నేల మీద తాళం వేసింది. చెవులు పోయాక ఆ టిక్కుని ఆయన అరికాళ్ళతో వినేవారని నాకు అప్పుడే అర్థమైంది.

"ఇది మన మిషనే," అన్నారు.

"అవును మామయ్యగారూ," అని నేను కొత్త మోటారు వైపు చూపించాను. "ఇప్పుడు ఇది చూడండి." అదే మణికట్టు మీద మూడు రెట్ల వేగంతో కొట్టడానికి ప్రయత్నించాను. నా వేలు ఆడలేదు. ఎంత ప్రయత్నించినా వేలు తడబడి ఉట్టినే వణికింది. మనిషి వేలికి అంత వేగం రాదు.

మామగారు చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. వంగి కింది చక్రాన్ని చూశారు. తను అతికిన చోటునే చూశారని నాకు తెలుసు. లేచి నిలబడి, "అల్లుడుగారు చెప్పినట్టు చెయ్యండి," అన్నారు.

నా పెళ్ళయ్యాక ఆ మాట ఆ షెడ్డులో వినడం అదే మొదలు. బావమరిది మొహం మాడిపోయింది.

"సరే, మార్చేద్దాం నాన్నా. కొట్టులో ఏం చెప్పమంటావ్? మా బావ వేలు వణికింది, మోటారు వెనక్కి తీసుకో అనా? ఒక్కసారి వేసి చూద్దాం. ఉట్టినే, కోత లేకుండా. తేడా ఉంటే కంటికే తెలిసిపోతుంది. వెంటనే ఆపేస్తా." ఆ మాటలు తండ్రికి వినపడవని వాడికీ తెలుసు. వేళ్ళతో సైగ చేసి చూపించాడు. ఒక్కసారి, ఒక్క క్షణం. మామగారు తటపటాయించి తల ఊపారు. ఎంతైనా కొడుకు.

"బ్లేడు తీసెయ్," అన్నాను. "అందరూ బయటికి పదండి. మెయిన్ స్విచ్చు బయటి గోడకే కదా ఉంది, అక్కడినుంచి వెయ్."

"మీరు వెళ్ళండి బయటికి," అంది మా ఆవిడ. "నేను ఇక్కడే ఉంటా. వేగం తేడా నాకైతే చప్పుడుతోనే తెలిసిపోతుంది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "వద్దే. నీకు దణ్ణం పెడతాను."

"చిన్నప్పట్నుంచీ దీని పక్కనే నిలబడ్డానండీ. నన్నేం చేస్తుంది ఇది?"

"సరే, నువ్వు లోపల ఉంటే నేనూ లోపలే ఉంటాను. నీకూ చక్రానికీ మధ్య నిలబడతాను." అన్నాను. అక్కడికి వెళ్ళి నిలబడ్డాను కూడా. నా కాళ్ళ వెనక ఆ చక్రం చల్లగా తగులుతోంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఇంటికొచ్చిన పిల్లికి కూడా దారిచ్చే మనిషిని, కదలడం లేదు.

"మీ గోల పడలేక చస్తున్నాను, పదండి," అని నా చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. నన్ను నమ్మి కాదు, నా నస భరించలేక. ఎలాగైతేనేం, బయటికి వచ్చింది.

బ్లేడు తీసేశాడు బావమరిది. మెయిన్ ఇంకా వేయలేదు కాబట్టి మిషను మీట నొక్కి ఉంచి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. నేను వాళ్ళ ముగ్గుర్నీ గోడ మూల దాటించాను. మామగారి భుజం పట్టుకుని నెట్టాను కూడా, తర్వాత తిట్టుకుంటే తిట్టుకోనీ. బావమరిది అక్కడే గోడకున్న స్విచ్చు బోర్డు మూత తెరిచి, పూజారి హారతి వెలిగిస్తున్నంత ఠీవిగా మెయిన్ వేశాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత బెల్టు కీచుమంది. తర్వాత ఆ చప్పుడు పైకి లేవడం మొదలైంది. మాకందరికీ తెలిసిన చప్పుడే, పొద్దున్నే షెడ్డు తీయగానే వచ్చే హోరు. ఆ హోరు ఎక్కడ నిలకడ పడాలో మా నలుగురికీ తెలుసు. అక్కడికి వచ్చింది. అక్కడ ఆగలేదు.

దాన్ని దాటి పైకి పోయింది. ఇంకా పైకి. హోరు ఈలగా మారింది. మామగారికి వినపడదు గానీ ఆయన తన కాళ్ళ వైపు చూసుకుంటున్నారు, నేల వణుకుతోంది.

"ఆపు!" అన్నాను.

"ఏం కాలేదు కదా బావా, చూడు ఎంత హాయిగా..."

"ఆపరా!" అని మా ఆవిడ అరిచింది. అప్పుడు ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది. వాడు స్విచ్చు లాగేశాడు. లాగేశాడు గానీ చక్రానికి ఆ సంగతి తెలియదు కదా, అది ఆ వేగంలోనే తిరుగుతోంది. ఒక్క క్షణం ఈల అలాగే నిలబడింది.

పగిలిన చప్పుడు నేను వినలేదు. చెవులు మూసుకుపోయినట్టయింది. గోడ నా వీపుకి గుద్దుకుంది. పైన రేకు కప్పులోంచి ఏదో నల్లటిది ఆకాశంలోకి లేచి, చాలాసేపటికి, వీధి అవతల ఖాళీ స్థలంలో ధబ్బున పడింది. తర్వాత లోపల ఇనుము మీద ఇనుము దొర్లిన చప్పుడు. తర్వాత దుమ్ము. నేను ముగ్గుర్నీ తడిమి చూశాను, తలలు, చేతులు, వేళ్ళు. ఆవిడ వేళ్ళు రెండోసారి లెక్కపెట్టాను.

దుమ్ము సర్దుకున్నాక లోపలికి వెళ్ళాం. మిషను బల్ల రెండు ముక్కలైంది. కింది చక్రం ఉండాల్సిన చోట ఇరుసూ, దాన్ని పట్టుకుని మొండిగా మూడు ఆకులూ మిగిలాయి. మా ఆవిడ రోజూ నిలబడే చోట నేల అరిగి నున్నగా ఉంటుంది. ఆ చోటుకి సరిగ్గా వెనకాల, గోడకి ఆనించిన పలకల దొంతరలో చక్రం ముక్క ఒకటి దూసుకుపోయి ఉంది. ఆమె నడుము ఎత్తులో. నాలుగు పలకలు చీల్చుకుని, అయిదోదాంట్లో ఇరుక్కుంది.

ఆమె వెళ్ళి తన చోట నిలబడింది. వెనక్కి తిరిగి ఆ కంతను చూసింది. చెయ్యి పెట్టి దాని ఎత్తు చూసింది, మళ్ళీ అదే చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుని చూసింది. బావమరిది గుమ్మంలోనే కూలబడిపోయి, "అక్కా, అక్కా," అంటున్నాడు, ఆ మాట తప్ప వాడికి ఇంకేం రావడం లేదు. మామగారు ఒక ముక్క ఎత్తి, తిప్పి, ఇత్తడి ఉన్న వైపు చూసి, నెమ్మదిగా కింద పెట్టేశారు.

నేను 'చెప్పానా!' అనలేదు. జీవితంలో ఒక్కసారి నా భయం నిజమైతే తల ఎత్తుకు తిరగొచ్చని అనుకునేవాణ్ణి. నిజమైంది. పాడు భయం, ఈసారీ ఉట్టిదే అయి ఉంటే ఎంత బాగుండేది! అందరూ నవ్వేవాళ్ళు, నేను తిట్లు తిని అన్నం తినేవాణ్ణి.

"ఏవండీ," అంది మా ఆవిడ. "నా చేతులు చూడండి."

చూశాను. గాలికి కాగితంలా ఆడుతున్నాయి. ఆమె వాటిని వేరే ఎవరివో అయినట్టు చూసుకుంటోంది.

"ఆగడం లేదేంటి? కాళ్ళు కూడా... నాకేమవుతోంది?"

"ఏమీ కాదు. భయం."

"ఇదా?"

"ఇదే. రా, ముందు కూర్చో. నిలబడితే పడిపోతావ్." బయటికి తీసుకొచ్చి గోడ నీడలో కూర్చోబెట్టాను. ఈ ఒక్క విద్యలో నన్ను మించినవాళ్ళు లేరు. "నీళ్ళు ఇప్పుడే వద్దు, కక్కుకుంటావ్. చేతులు ఆపాలని చూడకు, ఆపాలనుకుంటే ఇంకా ఆడతాయి. ఇలా నా చెయ్యి పట్టుకో, ఎంత గట్టిగానైనా నొక్కు. ఊపిరి లోపలికి కాదు, ముందు బయటికి వదులు. అదీ. కళ్ళు మూసుకోకు, మూసుకుంటే అదే కనిపిస్తుంది. నన్ను చూడు."

ఆమె నేను చెప్పినవన్నీ చేసింది. పెళ్ళయ్యాక నేను చెప్పినవన్నీ వరసగా ఆమె చేయడం నాకు గుర్తు లేదు. కాసేపటికి పళ్ళు కొట్టుకోవడం తగ్గింది.

"కడుపులో ఎవరో పిండేస్తున్నట్టుంది," అంది.

"ఉంటుంది."

"గొంతు ఎండిపోతోంది. చెవుల్లో ఏదో హోరు."

"ఉంటుంది. అది కాసేపు పోదు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఎంతోసేపు చూసింది. "మీరు..." అని ఆగింది. "నేను లోపల కోస్తున్నంతసేపూ మీకు ఇలాగే ఉండేదా?"

"ఉండేది."

"రోజూనా?"

"కోత ఉన్న రోజుల్లో."

"ఇన్నేళ్ళూనా? మరి నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"చెబుతూనే ఉన్నాను కదే," అన్నాను. "రోజూ చెప్పాను. నువ్వు నవ్వేదానివి."

ఆమె ఈసారి నవ్వలేదు. నా చెయ్యి వదల్లేదు. లోపలినుంచి మామగారు ముక్కలు ఏరి ఒకచోట పోగేస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.